ఆంగ్ల వాక్యములో పదముల పొందిక: తలిదండ్రులకొక పాఠము



ఏటేటా ఈ సంచికలో పాఠశాల వృత్తాంతమును, పరీక్షా ఫలితములను మీకు విన్నవించుట మాకు పరిపాటి. ఈ యేడు ఆ పనిని కార్యదర్శిగారికి విడిచి, మేమొక పాఠము చెప్పదలచితిమి. ఈ పాఠము పిల్లలకు కాదు, మీకు. దీనికి కారణమొక నోటుపుస్తకము.

గత సంవత్సరము అర్ధవార్షిక పరీక్షలైన పిదప ఒక తండ్రిగారు మా గదికి వచ్చి, అయిదవ తరగతి చదువుచున్న తమ కుమార్తె నోటుపుస్తకమును బల్లపై తెరచి పెట్టిరి. “నా తండ్రి” అను వ్యాసములో ఆ బాలిక, “మై ఫాదర్ ఆర్ వర్కింగ్ ఇన్ ఎ మిల్. దే ఆర్ వెరీ గుడ్” అని వ్రాసియున్నది. ఉపాధ్యాయుడు ఎఱ్ఱ సిరాతో రెండు వాక్యములను కొట్టివేసియున్నాడు. “అయ్యవారూ, తెలుగులో చదివించినందుకు నా బిడ్డకు ఈజ్ ఏదో ఆర్ ఏదో తెలియకుండా పోయింది. టి.సి. ఇప్పించండి, ఇంగ్లీషు మీడియంలో వేస్తాను” అని వారనిరి.

మేము ఆ బాలికను పిలిపించి, “అమ్మా, నాయన ఒక్కరే గదా, ఆర్ అని యెందుకు వ్రాసితివి?” అని యడిగితిమి. ఆ పిల్ల తలవంచుకొని, “నాయన వచ్చినాడు అంటే మా అవ్వ కొడుతుంది సార్. వచ్చినారు అనాల” అన్నది.

తండ్రిగారు మాటాడలేదు. మేమును కొంతసేపు మాటాడలేకపోతిమి. ఆ తప్పు అజ్ఞానమువలన పుట్టినది కాదు. కర్తకు తగినట్లు క్రియ మారవలెనని ఆ పిల్లకు చక్కగా తెలియును. పెద్దలను బహువచనముతో పేర్కొనవలెనని యింటిలో నేర్చినది. ఆ మర్యాదను ఆంగ్లములోనికిని తీసికొనిపోయినది. ఆంగ్లము మర్యాదను వచనముతో కొలువదని మాత్రము ఆమెకెవ్వరును చెప్పలేదు. చెప్పవలసినవారము మేము. ఎఱ్ఱ గీత గీచితిమి గాని కారణము చెప్పలేదు. ఆ లోపమును కొంత తీర్చుకొనుటకే యీ వ్యాసము.

1. పొందిక యనగా నేమి?

వాక్యములో కర్త యొకటియైనచో క్రియ ఏకవచనముగాను, అనేకమైనచో బహువచనముగాను ఉండవలెను. తరువాతి వాక్యములో ఆ కర్తకు బదులుగా వచ్చు సర్వనామమును దానికి తగినదై యుండవలెను. దీనినే పొందిక యందుము. ఇది ఆంగ్లమునకు మాత్రమే గల నియమము కాదు. మన తెలుగులో ఇది మఱింత కట్టుదిట్టముగా నున్నది. “వచ్చితిని, వచ్చితిమి, వచ్చితివి, వచ్చితిరి, వచ్చెను, వచ్చిరి” అని భూతకాలమున మనకు ఆరు రూపములు కలవు. ఆంగ్లమున వీనియన్నిటికిని “కేమ్” అను ఒక్క రూపమే చాలును. ఆరు రూపములను అప్పజెప్పకయే, తల్లి యొడిలో నేర్చుకొన్న బిడ్డకు ఆంగ్లపు పొందిక మోయరాని బరువు కాజాలదు.

ఆంగ్లములో చిక్కు ముఖ్యముగా రెండుచోట్లనే కలదు. ఒకటి “ఆమ్, ఈజ్, ఆర్, వాజ్, వర్” అను రూపములు. వీనితోపాటు “హాజ్, హావ్” అనునవి. రెండవది వర్తమానకాలమున ప్రథమపురుష ఏకవచన క్రియ చివర వచ్చు “ఎస్” అను అక్షరము. “ద బాయ్ రన్స్” అనగా బాలుడు పరుగెత్తును. “ద బాయ్స్ రన్” అనగా బాలురు పరుగెత్తుదురు. “ఎస్” నామమున చేరినచో బహువచనము, క్రియలో చేరినచో ఏకవచనము. కావున పిల్లలకు మేమిట్లు చెప్పుదుము: ఎస్ ఒక్కటే, అది నామము నింటికి పోయినచో క్రియ యింటికి రాదు, క్రియ యింటికి వచ్చినచో నామము నింటికి పోదు. “మెన్, చిల్డ్రన్” వంటి బహువచనములలో ఎస్ కనబడకున్నను, అవి బహువచనములే గనుక క్రియకు ఎస్ రాదు. “ఐ, యు” అను వానితోను క్రియకు ఎస్ చేరదు.

2. మనకు పెక్కు, వారికి ఒకటి

ఒక వస్తువు ఒకటియా అనేకమా అను విషయమున భాషలు ఏకీభవింపవు. తెలుగున పాలు బహువచనము, నీళ్లు బహువచనము. “పాలు విరిగినవి, నీళ్లు కాగినవి” అందుము. ఆంగ్లమున “మిల్క్, వాటర్” అను పదములు లెక్కకు రాని వస్తువుల పేర్లగుటచే ఏకవచనములు. “ద మిల్క్ ఆర్ హాట్” అని వ్రాసిన పిల్లవాడు తెలుగున ఆలోచించుచున్నాడే గాని ఆలోచింపకుండుట లేదు. వానికి “ద మిల్క్ ఈజ్ హాట్” అని దిద్ది, కారణము చెప్పవలెను. ఇట్లే తలవెండ్రుకలు మనకు పెక్కు; ఆంగ్లమున “హెయిర్” ఏకవచనము. “న్యూస్” చివర ఎస్ ఉన్నను అది ఏకవచనమే. “ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్” అను పదములకు బహువచన రూపమే లేదు.

దీనికి విపర్యయమును కలదు. కత్తెర మనకొకటి, ఆంగ్లమున “సిజర్స్” బహువచనము, “ద సిజర్స్ ఆర్ షార్ప్” అనవలెను. మనము కళ్లజోడు అని ఏకవచనమున చెప్పుదానిని వారు “స్పెక్టకిల్స్ ఆర్” అని బహువచనమున చెప్పుదురు. అయినను ముందు “ఎ పెయిర్ ఆఫ్” చేర్చినచో క్రియ “పెయిర్” అను పదమును పట్టి “ఈజ్” అగును. ఆ “పెయిర్” అనునదే మన కళ్లజోడులోని “జోడు”. మొత్తముగా తలచిన సొమ్మునకు, దూరమునకు, కాలమునకు ఆంగ్లమున ఏకవచనము వాడుదురు. “పది రూపాయలు చాలవు” అని మనము బహువచనముగా చెప్పగా, వారు “టెన్ రుపీస్ ఈజ్ నాట్ ఇనఫ్” అందురు.

3. “అండ్” అను ముడి

రెండు నామములను కలుపునపుడు మనము ప్రతి నామమునకును ఒక ముడి వేయుదుము: “రాముడును సీతయు వచ్చిరి.” మన చుట్టునున్న తమిళులు “రామనుం సీతైయుం” అందురు, కన్నడిగులును ప్రతి నామము చివర “ఊ” చేర్చుదురు. ఆంగ్లమున రెంటికిని నడుమ ఒక్క “అండ్” మాత్రమే వచ్చును. నామములు మూడు నాలుగైనచో చివరి దానికి ముందు మాత్రమే వచ్చును. అట్లు కలిసిన కర్త బహువచనము: “రామా అండ్ సీతా ఆర్ కమింగ్.” ఇందు వింత లేదు. “తలిదండ్రులు, అన్నదమ్ములు” అను మన ద్వంద్వ సమాసములు రెండు ఏకవచనములు కలిసి బహువచనమగుటకు నిదర్శనములే.

కాని రెండు పేర్లు కలిసి ఒకే వస్తువైనచో? పెరుగును అన్నమును వేరువేరు పదార్థములు; కలిపిన పిదప “పెరుగన్నము చల్లగా నున్నది” అందుము గాని “ఉన్నవి” అనము. ఆంగ్లమున “బ్రెడ్ అండ్ బటర్ ఈజ్ మై బ్రేక్‌ఫస్ట్” అనుట ఇట్టిదే. మనుష్యుల విషయమున “ద” అను చిన్న పదము గుట్టు బయటపెట్టును. “ద సెక్రెటరీ అండ్ ట్రెజరర్ ఈజ్ హియర్” అన్నచో రెండు పదవులును నిర్వహించు వ్యక్తి యొక్కడే. “ద సెక్రెటరీ అండ్ ద ట్రెజరర్ ఆర్ హియర్” అన్నచో ఇద్దరు. సంఘపు లేఖలు వ్రాయువారు దీనిని గమనింపవలెను.

పురుషల విషయమున రెండు భాషలును తోబుట్టువులే. “నేనును తమ్ముడును పోవుదుము” అన్నచో ఉత్తమపురుష గెలుచును. “నీవును తమ్ముడును పొండు” అన్నచో మధ్యమపురుష గెలుచును. ఆంగ్లమునను మొదటి దానికి “వి”, రెండవ దానికి “యు” అను సర్వనామములు వచ్చును. భేదము వరుసలో మాత్రమే కలదు. మనము “నేనూ తమ్ముడూ” అని తన్ను ముందు చెప్పుకొందుము. వారు “మై బ్రదర్ అండ్ ఐ” అని తన్ను చివర చెప్పుకొనుట మర్యాదగా నెంచుదురు.

4. “తో” అను కొలమానము

“ప్రధానోపాధ్యాయుడు విద్యార్థులతో వచ్చెను.” ఇచట విద్యార్థులు ఎందఱైనను క్రియ ఏకవచనమే. ఏలయన వచ్చినవాడు ప్రధానోపాధ్యాయుడు. విద్యార్థులు తోడు మాత్రమే. ఆంగ్లమున “విత్, టుగెదర్ విత్, ఆజ్ వెల్ ఆజ్” అను పదముల తరువాత వచ్చు నామములు ఇట్టివే. “ద హెడ్‌మాస్టర్, ఆజ్ వెల్ ఆజ్ ద పూపిల్స్, ఈజ్ ప్రెజెంట్” అనుట సరి. పెద్ద తరగతుల పిల్లలు సయితము ఇచట పొరబడి “ఆర్” వ్రాయుదురు. అట్టివారిని ఆ వాక్యమును తెలుగున “తో” పెట్టి చెప్పుమని యడిగినచో, తామే దిద్దుకొనుట మేము పలుమార్లు చూచితిమి.

5. “గాని” అను వికల్పము

ఇచట నొక మాట. రెండింటిలో నొకటి యను అర్థమిచ్చు ఆంగ్ల పదమును, “ఆర్” అను క్రియను తెలుగు లిపిలో ఒకే తీరున వ్రాసినచో తికమక యగును. కావున వికల్పార్థకమును “ఓర్” అని వ్రాయుచున్నాము.

“అన్నయో చెల్లెలో వస్తారు” అని వాడుకలో బహువచనముగా చెప్పుదుము. వచ్చునది యొక్కరే యైనను, ఇద్దరి పేర్లును చెప్పితిమి గనుక బహువచనము నోటికి వచ్చును. ఆంగ్లము లెక్కలో కచ్చితమైనది. వచ్చునది యొక్కరే గనుక “ఐదర్ మై బ్రదర్ ఓర్ మై సిస్టర్ ఈజ్ కమింగ్” అనవలెను. ఒకటి ఏకవచనమును, మఱియొకటి బహువచనమును అయినచో క్రియ తనకు దగ్గఱనున్న దానిని పట్టుకొనును: “నైదర్ ద టీచర్ నార్ ద పూపిల్స్ ఆర్ ప్రెజెంట్.” బహువచనమును చివర నుంచినచో వాక్యము చెవికి ఇంపుగా నుండును.

6. “ఒకడు”, “ప్రతి”

“వన్ ఆఫ్ ద బాయ్స్ ఆర్ యాబ్సెంట్” అనునది మేము నోటుపుస్తకములలో తఱచుగా చూచు తప్పు. దీని మూలము విచారింపదగినది. తెలుగున “బాలురలో ఒకడు రాలేదు” అందుము. ఒకడు అను పదము క్రియ ప్రక్కనే యుండును గనుక పొరబడుటకు తావు లేదు. ఆంగ్లమున “వన్” ముందు వచ్చి, “బాయ్స్” క్రియ ప్రక్కన చేరును. పిల్లవాని కన్ను ప్రక్కనున్న బహువచనమును చూచి మోసపోవును. తెలుగున చెప్పి చూచుకొమ్మన్నచో ఒకడు అనునది తానే పైకి వచ్చును. అపుడు “ఈజ్” అని తానే వ్రాయును.

“ఈచ్, ఎవ్రీ” అను పదములు మన “ప్రతి” వంటివి. ఎందఱు చేరినను ఏకవచనమే: “ఎవ్రీ బాయ్ అండ్ ఎవ్రీ గర్ల్ హాజ్ ఎ స్లేట్.” అండ్ ఉన్నదని “హావ్” వ్రాయరాదు.

7. సర్వనామములు: ఎచ్చట మనము మిన్న, ఎచ్చట వారు సులభులు

మన వ్యాకరణము నామములను మహత్తు, మహతి, అమహత్తు అని విభజించినది. “రాముడు వచ్చినాడు, సీత వచ్చినది, ఆవు వచ్చినది” అను వాక్యములను చూడుడు. ఏకవచనమున స్త్రీకిని ఆవునకును క్రియారూప మొక్కటే. బహువచనమునకు వచ్చుసరికి “స్త్రీలు వచ్చినారు, ఆవులు వచ్చినవి” అని స్త్రీలు పురుషుల పంక్తిలో చేరుదురు. ఆంగ్లమున ఏకవచనమున “హి, షి, ఇట్” అని మూడు వేఱువేఱు సర్వనామములు. బహువచనమున మనుష్యులకును పశువులకును రాళ్లకును “దే” ఒక్కటే. వారు, అవి అను భేదము అచట లేదు. కావున ఆవులను “దే” అనుటకు పిల్లలు సందేహింపనక్కఱలేదు. తండ్రిని “దే” అనరాదు. మన బాలిక పడిన చిక్కు సరిగా నిదియే.

మనము, మేము అను భేదమును ఆంగ్లమున లేదు. రెంటికిని “వి” యే. ఈ భేదము తమిళమున కలదు, కన్నడమున లేదు. “యు” అను పదమునకు ఏకవచనమునను “ఆర్” ఏల వచ్చునని చుఱుకైన పిల్లలడుగుదురు. పూర్వము ఆంగ్లమున నీవు అనుటకు “దౌ” అను పదముండెను. “యు” మన మీరు వలె బహువచనమై, మర్యాదకును వాడబడుచుండెను. కాలక్రమమున సాధారణ వ్యవహారమున “దౌ” జారిపోయి, అందఱికిని మీరే మిగిలినది. అనగా మన బాలిక చూపిన మర్యాద వంటిదే ఒకానొకప్పుడు ఆంగ్లేయులును చూపిరి. దాని గుర్తు నేటికిని “యు ఆర్” అను మాటలో నిలిచియున్నది.

ఇక “తన” అను మాట మన సొత్తు. “రాముడు గోపాలునితో తన పుస్తకము పోయినదని చెప్పెను” అన్నచో పుస్తకము రామునిదని తెలియును. ఆంగ్లమున “హిజ్ బుక్” అన్నచో రామునిదా గోపాలునిదా తేలదు. పేరు మరల చెప్పవలసివచ్చును. “ప్రతివిద్యార్థియు తన పుస్తకము తేవలెను” అన్నచో తన అనునది బాలునకును బాలికకును సరిపోవును. ఆంగ్లమున పూర్వపు పాఠ్యపుస్తకములు “హిజ్” అనెడివి. పిదప “హిజ్ ఓర్ హర్” వచ్చినది. నేడు “దేర్” అనుటయు విరివిగా అంగీకరింపబడుచున్నది. పరీక్షలో “హిజ్ ఓర్ హర్” వ్రాయుట క్షేమము.

8. ఇంటిలో చేయదగినది

“మాకు ఇంగ్లీషు రాదు, మేమేమి చేయగలము?” అని పలువురు తల్లులు మమ్మడుగుదురు. పైన చెప్పినదంతయు దానికి సమాధానమే. దినమునకు పది నిమిషములు చాలును. బిడ్డ వ్రాసిన ఆంగ్ల వాక్యమును తెలుగున చెప్పుమనుడు. పిదప తెలుగుననే మూడు ప్రశ్నలడుగుడు. ఒకటి: ఈ పని చేయుచున్నది ఎవరు? రెండు: ఒకరా, అనేకులా? మూడు: అనేకులని చెప్పినది లెక్కకా, మర్యాదకా? మూడవ ప్రశ్న ఏ ఆంగ్ల వ్యాకరణ పుస్తకములోను ఉండదు. అది మీరు మాత్రమే అడుగగల ప్రశ్న. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర 1840లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున వెలువరించెను. తన భాష నడుమ నుంచుకొనియే ఆయన మన భాషను చూచెను. మన బిడ్డలును తమ భాషనుండియే ఆ భాషను చూడవలెను.

9. అభ్యాసము

పిల్లలచేత ఖాళీలు పూరింపించుడు. “ఈజ్, ఆర్, హాజ్, హావ్” అను వానిలో తగినదానిని వ్రాయవలెను.

1. మై గ్రాండ్‌మదర్ — ఎ గుడ్ కుక్.
2. ద మిల్క్ — ఇన్ ద పాట్.
3. వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ — ఎ సైకిల్.
4. మై ఫాదర్ అండ్ మదర్ — అట్ హోమ్.
5. ద టీచర్, విత్ ద పూపిల్స్, — ఇన్ ద గార్డెన్.
6. నైదర్ ద కౌ నార్ ద కావ్స్ — ఇన్ ద షెడ్.
7. ఎవ్రీ గర్ల్ — ఎ స్లేట్.
8. ద సిజర్స్ — ఆన్ ద టేబుల్.

జవాబులు: 1. ఈజ్ (అవ్వగారు మాన్యురాలైనను ఒక్కరే). 2. ఈజ్. 3. హాజ్. 4. ఆర్. 5. ఈజ్. 6. ఆర్. 7. హాజ్. 8. ఆర్.

10. ముగింపు

1956లో ఏడవ సవరణచే మన రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాక వర్గముల బాలబాలికలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని అది రాష్ట్రములను ఆదేశించుచున్నది. 2006వ సంవత్సరపు చట్టమును అనుసరించి తమిళనాట మన పిల్లలు తమిళమును అభ్యసించుచున్నారు. ఉన్నచోటి భాషను నేర్చుట మనకు మేలే. ఆంగ్లమును కావలెను. వీనిలో ఏ భాషకును మేము విరోధులము కాము. అయితే వసతి యిచ్చుట ప్రభుత్వము పని. తరగతి గదిలో బిడ్డను కూర్చుండబెట్టుట మీ పని. బల్లలు ఖాళీయైనచో అధికరణము మాత్రమేమి చేయగలదు?

మా వంతు మేము చేయుచున్నాము. ఈ సంవత్సరము మొదలు ఆంగ్ల నోటుపుస్తకములో ఎఱ్ఱ గీత గీచిన ప్రతిచోటను, ప్రక్కన తెలుగున ఒక వాక్యము కారణముగా వ్రాయవలెనని ఉపాధ్యాయులకు చెప్పితిమి. ఇది వారికి అధికశ్రమయే. అయినను వారు అంగీకరించిరి.

ఆ తండ్రిగారు ఆనాడు టి.సి. దరఖాస్తును మా బల్లపైనుండి తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొనిరి. చింపివేయలేదు. అది నేటికిని వారి యింట నున్నదేమో. బాలిక మాత్రము మా బడికి వచ్చుచునేయున్నది. మొన్న “నా తండ్రి” అను వ్యాసమును మరల వ్రాయించితిమి. “మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఇన్ ఎ మిల్. హి ఈజ్ వెరీ గుడ్” అని వ్రాసి, పుస్తకము మా చేతికిచ్చుచు, “నాయన చూస్తే కోపగించుకోరు కదా సార్?” అని యడిగినది. కోపగించుకొనరని చెప్పితిమి. ఇంటికి పోయి మాత్రము, “నాయన వచ్చినారు” అనియే అనవలెనని చెప్పి పంపితిమి.